కరెంటు పోయినప్పుడు అపార్ట్‌మెంట్‌లో: చేయవలసినవి, చేయకూడనివి

భూపాలపల్లి జిల్లా చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అయినా ఎండాకాలం చివర గాలిదుమారం లేచి ఒక కొమ్మ తీగ మీద పడితే, ఆ కేంద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఇంట్లోనూ ఫ్యాను ఆగాల్సిందే. అందుకే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకో ఇన్వర్టరు, సెల్లార్‌లో ఓ జనరేటరు మామూలైపోయాయి. అవి ఉండాల్సిందే. కాకపోతే అపార్ట్‌మెంట్‌లో అందరికీ మెట్లు ఒకటే, సెల్లారు ఒకటే, స్తంభం నుంచి వచ్చే కేబులు ఒకటే. ఒక ఫ్లాటులో చేసిన తప్పు పై అంతస్తు పిల్లలకో, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కో తగులుతుంది.

ముందుగా ఆ లైన్‌మన్ సంగతి

ఆయన సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, లైన్‌లో కరెంటు లేదన్న నమ్మకంతో స్తంభం ఎక్కుతాడు. అదే సమయంలో మనం జనరేటరు తీగను నేరుగా ఇంటి సాకెట్‌లో గుచ్చితే, ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి పోతుంది. 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి తిరుగుదారిలో చేరితే, అవతల 11 వేల వోల్టుల లైన్ మొత్తం ప్రాణం తీసే తీగవుతుంది. లైన్‌మన్లు భయపడే రిటర్న్ కరెంటు ఇదే.

రెండు కొసలకూ ప్లగ్గులున్న తీగను ఎప్పుడూ తయారు చేయించకండి, ఎవరైనా ఇచ్చినా వాడకండి. మెయిన్ స్విచ్ ఆపాం కదా అని ధైర్యపడకండి. చీకట్లో ఇంకెవరో దాన్ని ఎత్తేస్తారు. చేంజోవర్ స్విచ్ పెట్టించండి. అది ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ను కూడా విడదీసే రకమై ఉండాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే బిగించండి.

మన దగ్గర ఒక ఫేజ్ పోయి మిగతా రెండూ ఉండటం తరచూ జరిగేదే. పక్క ఫ్లాట్‌లో లైట్లు వెలుగుతున్నాయని అక్కడి నుంచి తీగ లాగి మన సాకెట్‌కు ఇవ్వకండి. పోయిన ఫేజ్ తిరిగొచ్చిన క్షణాన రెండు ఫేజ్‌లు ఢీకొంటాయి, వాటి మధ్య ఉండేది 400 వోల్టులు. టీవీలు కాలిపోవడం అందులో చిన్న నష్టం.

ఇంట్లో ఇన్వర్టరు

ఫ్యాను బాగుచేయడానికి మెయిన్ ఆపి స్టూలెక్కుతారు చాలామంది. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు, కరెంటు పోయిందనుకుని, అదే ఫ్యానుకు సరఫరా మొదలుపెడుతుంది. కాబట్టి ఏ పనికైనా మెయిన్‌తో పాటు ఇన్వర్టరునూ ఆపండి. తర్వాత టెస్టరుతో చూసి గానీ తీగ ముట్టుకోకండి. మీ ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు ఇన్వర్టరు ఎక్కడుందో, ఏ పాయింట్లకు దాని లైన్ వెళ్తుందో మీరే చెప్పండి.

ట్యూబులర్ బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీని మూసిన అల్మారాలో, పూజగది పక్కన, వంటగ్యాసు దగ్గర పెట్టకండి. గాలి ఆడే చోట పెట్టండి, మెట్ల దారిలో మాత్రం వద్దు. డిస్టిల్డ్ వాటర్ పోసేటప్పుడు ఇన్వర్టరు ఆపి, కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. గాజులు, గొలుసు, ఉంగరం తీసేయండి. రెండు టెర్మినళ్ల మధ్య లోహం తగిలితే ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

లిథియం బ్యాటరీలు

వీటి గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లోనూ, విజయవాడలో ఒక పడకగదిలోనూ ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ హోటల్ భవనంలో, కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో చెలరేగిన మంటల పొగ మెట్ల దారిన పైకెక్కి 8 మందిని బలితీసుకుంది. మన సెల్లార్లు, మన మెట్లు ఆ భవనంలాంటివే.

స్కూటర్ బ్యాటరీగానీ, లిథియం పవర్ బాక్స్‌గానీ రాత్రంతా ఛార్జింగ్‌లో వదలకండి. పడకగదిలో, గుమ్మం దగ్గర, మెట్ల కింద పెట్టకండి. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. ఉబ్బినా, వేడెక్కినా, వింత వాసన వచ్చినా దాన్ని వాడటం మానేసి సర్వీసు సెంటరుకు చెప్పండి. మంట అంటుకుంటే ఆర్పబోకండి. తలుపు దగ్గరగా వేసి, అందరినీ లేపి, మెట్ల మీదుగా దిగి 101కి ఫోన్ చేయండి.

జనరేటరు, సెల్లారు

ఫ్లాటులో, బాల్కనీలో చిన్న జనరేటరు కూడా నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి మొదలైతే ముందు ఆరుబయటికి రండి, తర్వాత 108కి చెప్పండి. సెల్లార్‌లో ఉన్న పెద్ద జనరేటరు పొగగొట్టం భవనం కంటే ఎత్తుగా ఉండాలన్నది కాలుష్య నియంత్రణ మండలి నిబంధన: 25 కేవీఏ జనరేటరుకు పైకప్పు మీద ఇంకో మీటరు. మొదటి అంతస్తు కిటికీ పక్కనే పొగ వదిలే గొట్టాలు కనిపిస్తే సొసైటీ సమావేశంలో అడగండి, ఊరుకోకండి. డీజిల్ డబ్బాలు మీటర్ బోర్డు దగ్గర నిల్వ చేయకండి. నడుస్తున్న ఇంజిన్‌లో డీజిల్ పోయకండి.

2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తింది. జనం ఇళ్ల కప్పులెక్కారు. 2024 సెప్టెంబర్ మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో వరద కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టనే కోసేసింది. అలాంటి వానలో మొదట నిండేది సెల్లారే. ఆటోమేటిక్ ప్యానెల్ ఉన్న జనరేటరు, కరెంటు పోగానే నీళ్లలోనే తనంతట తాను స్టార్టయ్యే ప్రమాదముంది. భారీ వర్షసూచన ఉన్నప్పుడు ముందే దాన్ని ఆఫ్‌లో పెట్టండి. వీలైతే ప్యానెల్‌ను, బ్యాటరీలను నేల కంటే ఎత్తుకు మార్పించండి. నీళ్లు నిలిచిన సెల్లార్‌లోకి బైకు కోసమైనా దిగకండి. 1912కి ఫోన్ చేసి సరఫరా ఆపించండి.

లిఫ్టు మధ్యలో ఆగితే తలుపులు బలవంతంగా తెరిచి దూకకండి. అలారం నొక్కి ఆగండి. కరెంటు పోయినా దగ్గరి అంతస్తుకు చేర్చే ఏఆర్‌డీ పనిచేస్తుందో లేదో నిర్వహణకు వచ్చినవారిని ప్రతిసారీ కరెంటు ఆపి చూపించమనండి.

సోలార్ పెట్టించుకునేవారికి ఒక మాట. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, లైన్‌లో కరెంటు పోగానే ఆగిపోతుంది. లైన్‌మన్ రక్షణ కోసమే అలా చేశారు. దాన్ని ఏమార్చే మార్గాలు ఎవరైనా చెబితే వినకండి. బ్యాకప్ కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు అడగండి.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్నవారుంటే లెక్క వేసుకోండి. 5 లీటర్ల యంత్రానికి 300 వాట్ల పైనే కావాలి. 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైనా 3, 4 గంటలకు మించి లాగదు. పాతబడితే ఇంకా తక్కువ. ఆ లైన్ మీద ఫ్రిజ్, మిక్సీ పెట్టకండి. నింపిన ఆక్సిజన్ సిలిండరు ఒకటి పక్కన ఉంచండి, దాన్ని తెరవడం ఇంట్లో ఇద్దరికైనా నేర్పండి. ఆ ఫ్లాటు నంబరు వాచ్‌మన్‌కు, సొసైటీవాళ్లకు, మీ ఏరియా లైన్‌మన్‌కు ఈ వారంలోనే ఇవ్వండి.