సముద్ర పవన విద్యుత్తు

పాఠ్యభాగ ఉద్దేశం

సముద్రంపై వీచే గాలి నుంచి విద్యుత్తును ఉత్పత్తి చేసే విధానాన్ని తెలుసుకోవడం, నీటిపై ఏ నిర్మాణం చేపట్టినా ఆ నీటిని, దానిపై ఆధారపడిన ప్రజలను ముందుగా అర్థం చేసుకోవలసిన అవసరాన్ని కొల్లేరు అనుభవం ద్వారా గ్రహించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఏలూరు దాటి కొల్లేటి సీమలో అడుగుపెడితే రహదారికి ఇరువైపులా కనుచూపుమేర చేపల, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. పగలు నీటిలోని నాచు సూర్యకాంతి సహాయంతో ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రివేళ ఆ ప్రక్రియ ఆగిపోయి ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకే రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూ నీటిని చిలుకుతుంటాయి. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు చాలాసేపు ఆగితే రైతు నెలల తరబడి పడిన శ్రమ తెల్లవారేసరికి నీటిపాలవుతుంది. ఈ ప్రాంతంలో విద్యుత్తు వెలుగు మాత్రమే కాదు, ఊపిరి కూడా.

ఆ విద్యుత్తులో అధికభాగం బొగ్గు నుంచి వస్తున్నది. విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నంలో ఉన్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఇందుకు ఉదాహరణ. బొగ్గు నిల్వలు తరిగిపోయేవి. దాని పొగ భూతాపాన్ని పెంచుతుంది. సౌరవిద్యుత్తు సూర్యాస్తమయంతో ఆగిపోతుంది. గాలి మాత్రం రాత్రివేళ కూడా వీస్తుంది. ఆ గాలి కోసం మానవుడు నేలను దాటి సముద్రం వైపు చూపు సారించాడు.

నేలపై వీచే గాలికి కొండలు, చెట్లు, భవనాలు అడ్డుపడతాయి. సముద్రంపై అటువంటి అవరోధాలు లేవు. కనుక అక్కడ గాలి మరింత వేగంగా, నిలకడగా వీస్తుంది. గాలిలోని శక్తి దాని వేగానికి ఘనంగా, అంటే వేగాన్ని అదే వేగంతో రెండుమార్లు గుణించినట్లుగా పెరుగుతుంది. సెకనుకు 6 మీటర్ల వేగంతో వీచే గాలి 8 మీటర్ల వేగాన్ని అందుకుంటే వేగం పెరిగేది మూడోవంతే. శక్తి మాత్రం రెండు రెట్లకు మించి పెరుగుతుంది. అయితే గాలిలోని శక్తినంతటినీ ఏ యంత్రమూ గ్రహించలేదు. దాదాపు 59 శాతాన్ని మించి గ్రహించడం అసాధ్యమని జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ నిరూపించాడు.

ప్రపంచంలో మొట్టమొదటి సముద్ర పవన విద్యుత్ కేంద్రం 1991లో డెన్మార్కులోని విండెబీ వద్ద ఏర్పడింది. ఒక్కొక్కటి 450 కిలోవాట్ల సామర్థ్యం గల 11 టర్బైన్లు అక్కడ పనిచేశాయి. 2017లో ఆ కేంద్రాన్ని తొలగించారు. నేడు 15 మెగావాట్ల సామర్థ్యం గల టర్బైన్లు తయారవుతున్నాయి. అటువంటిది ఒక్కటే నాటి విండెబీ కేంద్రమంతటికీ మూడు రెట్లు.

సముద్ర టర్బైను నిర్మాణానికి పునాదియే ప్రాణం. లోతు తక్కువైన చోట పెద్ద ఉక్కు గొట్టాన్ని సముద్రగర్భంలోకి దిగగొట్టి దానిపై స్తంభాన్ని నిలుపుతారు. లోతు పెరిగినకొద్దీ నాలుగు కాళ్ల మంచెవంటి ఉక్కు చట్రాన్ని వాడతారు. ఇంకా లోతైన నీటిలో టర్బైనును తేలియాడే వేదికపై నిలిపి, అది కొట్టుకుపోకుండా గొలుసులతో లంగరు వేస్తారు. ఈ తేలియాడే విధానంలో 2017లో స్కాట్లండు తీరాన ఐదు టర్బైన్లతో 30 మెగావాట్ల కేంద్రం వెలిసింది.

విమానపు రెక్కను గాలి పైకి లేపినట్లే టర్బైను రెక్కలను గాలి తిప్పుతుంది. ఆ భ్రమణం ఇరుసు ద్వారా జనరేటరును చేరి విద్యుత్తుగా మారుతుంది. గాలి దిశ మారితే స్తంభం పైనున్న యంత్రగృహం దానికి అభిముఖంగా తిరుగుతుంది. గాలివేగం సెకనుకు సుమారు 25 మీటర్లు దాటితే రెక్కలు తమ కోణాన్ని మార్చుకొని గాలికి పట్టు చిక్కకుండా నిలిచిపోతాయి. ఉత్పత్తయిన విద్యుత్తు సముద్రగర్భంలో పరచిన కేబుళ్ల ద్వారా తీరం చేరుతుంది.

భారత ప్రభుత్వం 2015లో జాతీయ సముద్ర పవన విద్యుత్ విధానాన్ని ప్రకటించింది. 2017లో గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో లేజరు కిరణాలతో గాలివేగాన్ని కొలిచే లైడార్ అనే పరికరాన్ని నెలకొల్పారు. 2024 జూన్‌లో గుజరాత్, తమిళనాడు తీరాలలో 500 మెగావాట్ల చొప్పున కేంద్రాలను నెలకొల్పేందుకు, ఓడరేవుల అభివృద్ధికి కలిపి 7,453 కోట్ల రూపాయల సహాయ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది.

గోదావరి తీరానికి సముద్ర నిర్మాణాలు కొత్తవి కావు. 1987లో కనుగొన్న రవ్వ చమురు క్షేత్రంలో 1993 నుంచి ఉత్పత్తి జరుగుతున్నది. కోనసీమ తీరానికి ఆవల నీటిలో నిలిచిన ఉక్కు వేదికలే అందుకు ఆధారం. కాని ఈ తీరంలో టర్బైన్లు నిలపాలంటే రెండు పరీక్షలు తప్పవు. నదులు తెచ్చి పోసిన మెత్తని ఒండ్రుమట్టి పునాదికి మొదటి పరీక్ష. తుపాను రెండవది. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెనను, 1996 నవంబరు నాటి కోనసీమ తుపానును ఈ తీరవాసులు మరువలేదు.

వీటికి మించినది మూడవ పరీక్ష. అది ప్రజలకు సంబంధించినది. దానికి పాఠం కొల్లేరులోనే ఉన్నది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వచ్చి చేరతాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1970వ దశకంలో మత్స్యకారుల సహకార సంఘాల పేరిట సరస్సులో చేపల చెరువులు మొదలయ్యాయి. కాలక్రమంలో వాటిలో అనేకం పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లాయి. గట్లు ప్రవాహానికి అడ్డుపడ్డాయి. వరదనీరు ఊళ్లపైకి మళ్లింది. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2005-06లో గట్లను తెగగొట్టినప్పుడు పక్షులకు, ప్రవాహానికి మేలు జరిగినా ఎందరో పేదల జీవనాధారం తెగిపోయింది. నీటి నడకను, దానిపై బ్రతికేవారి బాగోగులను ముందుగా ఆలోచించకపోతే ఆ మూల్యం రెండుమార్లు చెల్లించవలసి వస్తుంది. కట్టినప్పుడు ఒకమారు, కూల్చినప్పుడు మరొకమారు.

ఇందుకు భిన్నమైన మార్గమూ ఉన్నది. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్ చెంత మిడెల్‌గ్రుండెన్ కేంద్రాన్ని తొలుత 27 టర్బైన్లతో మూడు వరుసలుగా తలపెట్టారు. ప్రజాభిప్రాయ సేకరణ అనంతరం 20 టర్బైన్లతో ఒకే వంపు వరుసగా మార్చారు. 2001 నాటికి పూర్తయిన ఆ కేంద్రంలో సగం వేలాదిమంది పౌరులు సభ్యులుగా ఉన్న సహకార సంఘానిది. ప్రజలు అక్కడ ప్రేక్షకులు కారు, భాగస్వాములు.

మన తీరంలోనూ ఎక్కడ వల వేస్తారో మత్స్యకారునికి తెలుసు. ఏ ఋతువులో ఏ పక్షి ఎటు ఎగురుతుందో కొల్లేటి పడవవానికి తెలుసు. ఉక్కు ఎంత బరువు మోస్తుందో తాడేపల్లిగూడెంలోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చదివే విద్యార్థి లెక్కగట్టగలడు. ఈ ముగ్గురి తెలివీ ఒకచోట చేరిన తరువాతనే మొదటి ఉక్కు గొట్టం సముద్రంలో దిగాలి.

కఠిన పదాలు – అర్థాలు

అవరోధం = అడ్డంకి
అభిముఖం = ఎదురు
ఒండ్రుమట్టి = నదీప్రవాహం తెచ్చి వేసే మెత్తని మట్టి
మూల్యం = వెల

సంధులు

సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం – సవర్ణదీర్ఘ సంధి
ప్రజాభిప్రాయం = ప్రజా + అభిప్రాయం – సవర్ణదీర్ఘ సంధి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. సముద్ర పవన విద్యుత్ కేంద్ర నిర్మాణానికి కొల్లేరు నేర్పే పాఠాన్ని వివరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నేలపై కంటే సముద్రంపై పవన విద్యుత్తు ఎందుకు అధికంగా లభిస్తుంది?
2. టర్బైను పునాదుల రకాలను తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. లైడార్ దేనిని కొలుస్తుంది?
2. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఏరు ఏది?