అనేక ఫోటోలకు ఒకేసారి శీర్షికలు, వివరణలు

క్షేత్ర తనిఖీ ముగించుకొని శాఖకు చేరేసరికి మీ కెమెరాలో నలభై ఫోటోలైనా ఉంటాయి. ప్రతి ఫోటోకు ఒక అంకె తప్ప పేరుండదు. ఏవి ఎవరి ఎద్దులో, ఏది ఎవరి బావియో ఆ పూటకు మీకు గుర్తుంటుంది; ఆరు నెలల తరువాత ఉండదు. ఒక్కొక్క దానికీ విడిగా వివరణ వ్రాసే తీరిక మనలో ఎవరికీ లేదు గనుక, అన్నింటికీ కలిపి వ్రాసే పద్ధతిని తెలుసుకొనవలసి ఉన్నది.

అందులోని ప్రమాదమును ముందుగా చెప్పుట మంచిది. కొండగావ్ ప్రాంతంలో నేనొకనాడు ఉదయం ఒక రైతు దుక్కిటెద్దులను, మధ్యాహ్నం మరొక రైతు ఎద్దులను ఫోటో తీశాను. కెమెరా అంకె 9999 దాటగానే మరల 0001తో మొదలవుతుంది. ఆనాటి మధ్యాహ్నమే అది జరిగింది. ఫోటోలన్నీ ఒకే ఫోల్డరులో చేర్చగా, పేర్ల వరుసలో మధ్యాహ్నపువి ముందుకు వచ్చాయి. అది గమనించక, మొదటి సగానికి మొదటి రైతు పేరు, మిగిలిన వానికి రెండవ రైతు పేరు వ్రాసివేశాను. వానాకాలంలో ఒక ఎద్దు మరణించింది. బీమా కాగితాలలో చెవి బిళ్ళ మీది సంఖ్య ఒకరిది, ఫోటో క్రింది పేరు మరొకరిది! విషయం తేలేవరకు ఆ రైతు అద్దె ఎద్దులతో దున్నుకున్నాడు. తప్పు నాది, అద్దె ఆయనది.

కావున ఫోటోలను పేరును బట్టి కాక, తీసిన సమయమును బట్టి వరుసపరచండి. కెమెరా గడియారం తప్పుగా ఉన్నచో, ఎంత తేడా ఉన్నదో చూసి అన్నింటికీ ఒకే మారు సవరించవచ్చును. తరువాత జిల్లా, బ్లాకు, తనిఖీ తేదీ, అధికారి పేరు వంటి ఉమ్మడి విషయాలను మాత్రమే మూకుమ్మడిగా ఇవ్వండి. ఖాతాదారు పేరు, చెవి బిళ్ళ సంఖ్య ఎన్నడూ అట్లు ఇవ్వరాదు. వానికి ఎక్సెల్‌లో ఒక్కొక్క ఫోటోకు ఒక్కొక్క వరుస చొప్పున పట్టిక వ్రాసి, ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుకు అందించండి. ఫిల్ హార్వే 2003లో రూపొందించిన ఈ సాధనం ప్రతి వరుసను ఆయా ఫోటోలోనే చేరుస్తుంది. మీరు వద్దంటే తప్ప పాత ఫోటో నకలును కూడా దాచి ఉంచుతుంది. ఆ నకళ్ళను తొందరపడి తుడిచివేయకండి.

పట్టికను యూటీఎఫ్-8 రూపంలో భద్రపరచనిచో తెలుగు, హిందీ అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారవచ్చును. మరొక చిక్కు కూడా ఉన్నది. పాత ఐపీటీసీ పద్ధతిలో శీర్షికకు 64 బైట్లే చోటు. ‘కొండగావ్’ అను ఒక్క మాటకే 24 బైట్లు చెల్లిపోవును! శీర్షికను పొట్టిగా ఉంచి, తక్కినది 2000 బైట్ల చోటున్న వివరణలో వ్రాయండి.

జిల్లా పేరు విషయంలో బస్తర్ శాఖల పాత ఫోటోలు ప్రత్యేక శ్రద్ధ కోరుతాయి. 1998లో దంతెవాడ, కాంకేర్. 2007లో నారాయణ్‌పూర్, బీజాపూర్. 2012లో కొండగావ్, సుక్మా వేరు జిల్లాలైనవి. 2000 నవంబరు 1న రాష్ట్రమే మారినది. ‘బస్తర్’ అని ఉన్నచోటల్లా ‘కొండగావ్’ అని ఒక్క దెబ్బతో మార్చినచో జగ్దల్‌పూర్ ఫోటోలు కూడా కొండగావ్‌కు తరలిపోవును. బ్లాకు పేరు చూసి మార్చండి; పాత పేరును వివరణలో ఉండనివ్వండి, రుణ పత్రంలో ఉన్నది అదే గదా.

పని ముగిసిన పిదప నాలుగైదు ఫోటోలు తెరచి, చెవి బిళ్ళను పత్రంతో సరిచూడండి. పై కార్యాలయానికి వాట్సాప్‌లో పంపునపుడు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపినచో మీరు వ్రాసినదంతా దారిలోనే రాలిపోవును.