ఇరవై ఏళ్ళవాడు, యాభై ఏళ్ళవాడు

చిరంజీవి సౌమ్యకు,

యాక్చువరీ పరీక్షలకు చదువుతున్నావని తెలిసి సంతోషించాను. రిస్క్ అనే ఆలోచన మనుషులకు ఎప్పుడొచ్చిందని అడిగావు. జీవిత బీమా ఆఫీసులో ఉద్యోగం చేసినవాణ్ణి, నాకెంతో ఇష్టమైన ప్రశ్న ఇది.

ప్రమాదానికి ధర కట్టడం చాలా పాతకాలం నుంచీ ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం చూడు. నూరు పణాల అప్పుకు నెలకు ధర్మవడ్డీ పణమూ పావు. వ్యాపారికైతే ఐదు, అడవి దాటి పోయేవాడికి పది, సముద్రం మీద పోయేవాడికి ఇరవై. ఓడ మునిగితే అప్పిచ్చినవాడి సొమ్మూ మునుగుతుంది కదా! 1347లో జెనోవా నుంచి మజోర్కాకు బయల్దేరిన శాంతా క్లారా అనే ఓడ మీద రాసుకున్న బీమా పత్రం ఇప్పటికీ ఉంది. అయితే అర్థశాస్త్రంలోని ఆ ఇరవై ఎందుకు, పద్దెనిమిది ఎందుకు కాదు అంటే చూపించడానికి వాళ్ళ దగ్గర లెక్క లేదు, అనుభవమే ఉంది.

లెక్క 1654లో, జూదం గురించి ఇద్దరు ఫ్రెంచి గణితవేత్తలు రాసుకున్న ఉత్తరాల్లో కుదిరింది. పాస్కల్ ఫెర్మాకు రాసిన లెక్క నువ్వూ చేసి చూడు. ఇద్దరు చెరో 32 నాణేలు ఒడ్డారు. ముందు మూడు ఆటలు గెలిచినవాడిదే మొత్తం 64. ఒకడు రెండు, ఇంకొకడు ఒకటి గెలిచాక ఆట ఆగిపోయింది. సొమ్ము ఎలా పంచాలి? తర్వాతి ఆట గెలిస్తే మొదటివాడికి 64, ఓడితే సమానమై 32. అంటే ఎలా జరిగినా 32 అతనివే. మిగిలిన 32కి అవకాశం చెరిసగం కనుక అందులో 16 అతనికి. మొత్తం 48, రెండోవాడికి 16. అలాంటి చిక్కునే 1494లో పచోలీ అచ్చువేసి, అప్పటికే గెలిచిన ఆటల నిష్పత్తిలో పంచమన్నాడు. పాస్కల్ చూపు జరిగిపోయిన ఆటల మీద లేదు, ఇంకా జరగని ఆట మీద ఉంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

కానీ పందెంలో రెండు దారులే. మనిషి ప్రాణానికి ఎన్ని దారులు? దానికి రికార్డులు కావాలి. లండన్‌లో ప్రతివారం అచ్చయ్యే మరణాల జాబితాలను జాన్ గ్రాంట్ అనే వస్త్రవ్యాపారి ముందేసుకుని 1662లో పుస్తకం రాశాడు. పుట్టిన నూరుమందిలో 36 మంది ఆరేళ్ళ లోపే పోతున్నారని తేల్చాడు. ఆ జాబితాల్లో చనిపోయినవారి వయసు లేదు. జబ్బుల పేర్లను బట్టి ఊహించాడు. శవాలను చూసి జబ్బు చెప్పే ముసలమ్మలు కాస్త లంచానికో, ఓ లోటా మద్యానికో సుఖవ్యాధిని దాచి వేరే పేరు చెప్పేవారనీ రాశాడు. తన ఆధారాన్నే అనుమానించాడు చూడు, అందుకే నాకతనంటే గౌరవం.

వయసులు దొరికింది ఇప్పుడు పోలెండులో ఉన్న బ్రెస్లావ్ నగరంలో. 49, 63 వంటి ఏళ్ళు గండాలన్న నమ్మకాన్ని పరీక్షించాలని కాస్పర్ నోయ్‌మన్ అనే పాస్టర్ చావుల వయసులు సేకరించాడు. వాటితోనే, తోకచుక్కకు తన పేరు వచ్చిన హేలీ 1693లో మరణాల పట్టిక కట్టాడు. ఇరవై ఏళ్ళవాడు ఏడాదిలో చనిపోకుండా ఉండటానికి నూటికి ఒకటి చొప్పున పందెం కాయొచ్చు, యాభై ఏళ్ళవాడికైతే 38కి ఒకటే అన్నాడు. బీమా ధర వయసును బట్టి ఉండాలన్నది అతని వాదన. ఆ రోజుల్లో ఇంగ్లండు ప్రభుత్వం జీవితాంతం ఏటా సొమ్ము చెల్లించే వార్షికాలను (యాన్యుటీలను) వయసు అడక్కుండా ఒకే ధరకు అమ్మేది. ఆ పట్టిక అచ్చయ్యాక కూడా చాలాకాలం అలాగే అమ్మింది. వయసును బట్టి ప్రీమియం వేసే ఈక్విటబుల్ సంస్థ లండన్‌లో మొదలయ్యేసరికి 1762 వచ్చింది.

నీ పాఠ్యపుస్తకంలో మరణాల పట్టికలు చాలా ఉంటాయి. ఏ పట్టిక ముందు కూర్చున్నా, ఇది ఎవరు రాశారు, ఏం రాయకుండా వదిలారు అని ముందు అడగమ్మా. ఆ తర్వాతే సూత్రం తియ్యి.

ఇట్లు,
మీ తాతయ్య