కుక్కపిల్లల కడుపులో క్రిములు – ఏ మందు దేనికి?

ఇటీవల ఒక గృహిణి నెలన్నర వయసున్న కుక్కపిల్లను మా వైద్యశాలకు తెచ్చారు. దాని పొట్ట ఉబ్బి ఉన్నది. మలములో సేమ్యా వంటి పురుగులు పడుచున్నవి. వాయువిడంగ చూర్ణమును వెల్లుల్లితో నూరి పెట్టవచ్చునా అని ఆమె అడిగిరి. వలదని చెప్పి, వెంటనే పశువైద్యుని వద్దకు పంపితిని. వెల్లుల్లి, ఉల్లి కుక్కల రక్తకణములను నశింపజేసి పాండురోగము కలిగించును. మనుష్యులకు చెప్పిన మోతాదును రెండు కిలోల ప్రాణికి అంచనాతో వేయరాదు.

ఇంగ్లీషు మందులలోను అన్ని క్రిములకు ఒక్కటే చాలుననుకొనుట పొరపాటు. వాని తారతమ్యము ఇది:

పైపరజీన్: ఏలికపాములను మాత్రమే వెడలగొట్టును. రక్తము పీల్చు కొంకి పురుగులకు ఇది చాలదు.

పైరాంటెల్: ఏలికపాములు, కొంకి పురుగులు రెండింటికి పనిచేయును. ప్రేగునుండి రక్తములో చేరునది స్వల్పము గనుక రెండు వారముల పిల్లకు కూడ తగును. సాధారణ మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు.

ఫెన్‌బెండజోల్: పై రెండింటితో పాటు కొరడా పురుగులకును మంచిది. కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున 3 దినములు వరుసగా ఇత్తురు.

ప్రాజిక్వాంటెల్: బద్దె పురుగులకు ఉద్దేశించినది. ఏలికపాములకు, కొంకి పురుగులకు పనికిరాదు.

ఇంటిలో ఉన్నది గదా యని మనుష్యుల ఆల్బెండజోల్ బిళ్ల వేయకుడు. కొన్ని కుక్కలలో అది ఎముకల మజ్జకు హాని చేసినది. చిగుళ్లు తెల్లబారి, మలము నల్లగా వచ్చిన యెడల కొంకి పురుగులను శంకించి, పిల్లను ఆనాడే పశువైద్యునికి చూపవలెను. జాగు చేసిన ప్రాణము దక్కకపోవచ్చును.

ఏలికపాములు తల్లి గర్భములోనే పిల్లకు సోకును. కొంకి పురుగులు పాల ద్వారా చేరును. కనుక 2, 4, 6, 8 వారములలో పిల్లలకు, వానితో పాటు తల్లికి మందు వేయింతురు. ప్రతిసారి బరువు తూచి మోతాదు నిర్ణయించుట ముఖ్యము.

చరకుడు క్రిమి చికిత్సను అపకర్షణము, ప్రకృతివిఘాతము, నిదానపరివర్జనము అని మూడు విధములుగా చెప్పెను. మందు క్రిములను వెడలగొట్టును; మరల సోకకుండ కాచునది నిదానపరివర్జనమే. ఏలికపాము గ్రుడ్లు నేలపై కొన్ని వారములకు గాని సోకు స్థితికి రావు. ఆలోగానే, అనగా ఏ నాటి మలమును ఆనాడే ఎత్తి పారవేయుడు. ఒంటిపై గెంతు ఫ్లీలను తొలగించనిదే బద్దె పురుగులు మరల వచ్చును. ఈ గ్రుడ్లు మట్టిద్వారా పసిపిల్లల కడుపులో చేరినచో కంటిచూపునకే చేటు కలుగవచ్చును. కుక్కతో ఆడిన బిడ్డ చేతులు కడిగిన పిదపనే అన్నము పెట్టుడు.