రెండో కోతకు ముందు

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. రొమ్ములకు ఇంప్లాంట్లు పెట్టించుకున్న ఒకావిడ నీ దగ్గరికొచ్చి, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయని, మళ్లీ ఆపరేషన్ తప్పదా అని అడిగిందన్నావు. నువ్వు ప్లాస్టిక్ సర్జన్‌వి కాకపోవచ్చు. కానీ ఇబ్రహీంపట్నంలో ఆమె ముందుగా తలుపు తట్టింది నీ దగ్గరే. సాగర్ రోడ్డెక్కి హైదరాబాద్ వెళ్లాలా, ఎంత త్వరగా వెళ్లాలి అన్నది నీ మాట మీదే ఉంటుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదట అడగాల్సింది, ఆపరేషన్ ఎప్పుడయింది అని. మొదటి వారాల్లో వాపు రెండు వైపులా ఒకేలా ఉండదు, ఒకేసారి తగ్గదు. కండరం కింద పెట్టిన ఇంప్లాంట్ ముందు పైకి నిలబడి, కండరం వదులయ్యే కొద్దీ కిందికి దిగుతుంది. ఒక వైపు ముందు, రెండో వైపు తర్వాత దిగడం మామూలే. నొప్పి, జ్వరం, కొత్త వాపు లేకపోతే మూడు నుంచి ఆరు నెలలు ఆగమని ధైర్యంగా చెప్పు.

తర్వాత కొలతలు. ఆమెను నిటారుగా నిలబెట్టి, చేతులు పక్కకు వదిలెయ్యమను. మెడ కింది గుంట నుంచి చనుమొన దాకా, చనుమొన నుంచి కింది మడత దాకా, రెండు వైపులా టేపుతో కొలిచి రాసుకో. పక్కటెముకల ఎత్తుపల్లాలు, భుజాల తేడా, వెన్ను వంపు కూడా చూడు. ఆపరేషన్‌కు ముందు తీసిన ఫొటోలు అడుగు. పుట్టుకతో ఉన్న తేడా ఇంప్లాంట్ పెట్టాక ఇంకాస్త కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు. అలాంటప్పుడు రెండో ఆపరేషన్ చేసినా పూర్తి సమానత్వం రాదు.

కారణాన్ని బట్టే చికిత్స. ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఒక పొర అల్లుకోవడం సహజం. అది బిగుసుకుంటే రొమ్ము గట్టిపడి పైకి జరుగుతుంది. ఈ బిగువును బేకర్ అనే సర్జన్ నాలుగు దశలుగా విభజించాడు. మూడో దశలో ఆకారం మారుతుంది, నాలుగో దశలో నొప్పి కూడా వస్తుంది. ఆ పొరను కోసి వదులు చేయడమో, తీసేయడమో, ఇంప్లాంట్‌ను మార్చి కొత్త పాకెట్‌లో, అంటే అది ఇమిడే లోపలి ఖాళీలో, పెట్టడమో చేస్తారు. పాకెట్ మరీ పెద్దదై ఇంప్లాంట్ కిందికో పక్కకో జారితే, లోపల కుట్లు వేసి పాకెట్‌ను బిగిస్తారు. సైజు తేడా కొద్దిగా ఉంటే కొవ్వు ఎక్కించవచ్చు. చర్మం జారి ఉంటే పైకి ఎత్తి కుట్టాలి. క్యాన్సర్‌కు రేడియేషన్ పడిన వైపు బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, ఒక్కోసారి రెండో రొమ్మునే దానికి తగ్గట్టు సరిచేయాల్సి వస్తుంది. సెలైన్ ఇంప్లాంట్ కారితే రొమ్ము త్వరగా చిన్నదైపోతుంది. సిలికాన్ చిట్లితే బయటికి ఏమీ తెలియకపోవచ్చు. అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ చేయించి చూడాల్సిందే.

ఇప్పటిదాకా ఆగడం గురించి రాశాను. ఆగకూడనివి అంతకంటే ముఖ్యం. ఒక వైపు హఠాత్తుగా ఉబ్బి బిగుసుకుంటే లోపల రక్తం చేరి ఉండొచ్చు. ఎరుపు, వేడి, జ్వరం, చీము ఉంటే ఇన్ఫెక్షన్. ఆ రోజే పంపు. ఏళ్లు గడిచాక ఒక వైపు నీరు చేరి పెరిగితే, తేడా సరిచేయడం తర్వాతి మాట. ముందు ఆ నీటిని తీసి పరీక్షకు పంపాలి. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా వస్తుంది. ఈ కారణంగానే 2019 జులైలో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అందుకే ఇంప్లాంట్ కార్డు తెమ్మను. కంపెనీ, రకం, సైజు అందులో ఉంటాయి.

ఆపరేషన్ తర్వాతి ముప్పు ఎలాంటిదో మీ ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. రోజుల వ్యవధిలో నలుగురు తల్లులు చనిపోయారు. మిగతావారిని నిమ్స్‌కూ అపోలోకూ తరలించారు. ఆపరేషన్ ఏదైనా, ఇంటికి వెళ్లిన మనిషి మళ్లీ వచ్చి బాగాలేదంటే, ఆ మాటను తేలిగ్గా తీసుకునే హక్కు మనకు లేదు.

అలాగే 'ఇంత చిన్న తేడాకా?' అని ఎప్పుడూ అనకు. ఈ బాధను ఆమె బహుశా ఇంట్లో కూడా చెప్పుకోలేదు. తలుపు వేసి, నర్సును పక్కన ఉంచుకుని, అనుమతి అడిగి చూడు. ఫొటో తీయాల్సి వస్తే ముఖం పడకుండా, ఆమె సంతకం తీసుకున్నాకే తియ్యి.

హ్యూస్టన్‌లో క్రోనిన్, గెరో అనే సర్జన్లు 1962లో మొదటి సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టిన నాటి నుంచి ఈ విద్య ఎంతో మెరుగైంది. అయినా ఇంప్లాంట్ జీవితాంతం ఉండేది కాదు. ప్రతి కొత్త కోతతో కొత్త మచ్చ, కొత్త ముప్పు వస్తాయి. పూర్తిగా తీయించుకోవడం కూడా గౌరవమైన మార్గమేనని ఆమెకు చెప్పు. నిర్ణయం ఆమెది. కారణం తెలియకుండా కత్తి ముట్టనీయకపోవడం నీ బాధ్యత.

ఆమె మళ్లీ వచ్చినప్పుడు కొలతలు, డిశ్చార్జి కాగితం, కార్డు నకలు కేసు షీటుకు జతచేసి పంపు. వాటిని చూసే సర్జన్ సగం పని నువ్వే చేసిపెట్టినట్టవుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ