చెడిన విద్యుత్సామగ్రి వలన లాభమెవరికి?

మన సభ్యులలో అనేకుల కొట్టములందు కాలిపోయిన మోటారో, పలుకని రేడియోయో, పగిలిన సెల్‌ఫోనులో మూలబడి యుండును. పాతసామానులవాడు వచ్చినపుడు వానిని తూకమునకిచ్చి, అతడిచ్చినది పుచ్చుకొందుము. అటుపిమ్మట ఆ సామాను ఏమగునో తెలిసికొన్నచో బేరమునందు కొంత మెలకువ కలుగును. ఇందులకు ఆఫ్రికా ఖండమునందలి ఘానా దేశమును దృష్టాంతముగా గైకొందము.

2009వ సంవత్సరమున ఆ దేశమునకు ఇంచుమించు 2,15,000 టన్నుల విద్యుత్పరికరములు దిగుమతి యయ్యెను. వానిలో నూటికి 70 పాళ్లు పరదేశీయులు వాడి విడిచినవే. ఆ పాతవానిలో నూటికి 30 వంతులు పనిచేయనివి. అయినను అందు సగమును అచ్చటి పనివారలు మరమ్మతు చేసి యమ్మిరి. కావున పాతసామాను వ్యాపారమంతయు చెత్త వ్యాపారమనుట సరికాదు. మరమ్మతునందే లాభము మెండు. బాగుపడిన టెలివిజను టెలివిజను వెలకు పోవును. పగులగొట్టినది ఇనుము వెలకు, రాగి వెలకు పోవును. పాలిచ్చు గేదెను తోలు ధరకు అమ్మువాడుండునా?

బాగుపడని సామాను అక్రా పట్టణమున ఓడా నది యొడ్డునగల ఆగ్బోగ్‌బ్లోషీ అను చోటికి చేరెడిది. 2021 జూలైలో ప్రభుత్వమువారు ఆ బజారును తొలగించిరి. పని మాత్రము చుట్టుపట్లకు చెదరెను. అచ్చట పాటుపడినవారిలో పెక్కురు ఉత్తరప్రాంతపు సేద్యగాండ్ర కుమారులే. ఆ సీమకు ఒక్కటే వానకాలము. పంట యింటికి వచ్చిన పిదప పని యుండదు.

వారు విద్యుత్తీగలను కాల్చి రాగి తీసిరి. తొడుగును ఒలిచి తీసిన రాగి మెరయుచుండి హెచ్చు వెల పలుకును. కాల్చిన రాగి నల్లబడి తక్కువ పలుకును. ఈ సంగతి వారెరుగకపోలేదు. కాని ఒలుచుటకు పూట పట్టును, కాల్చుటకు కొద్ది నిమిషములు చాలును. ప్రొద్దు గ్రుంకునప్పటికి ఆనాటి రొక్కము చేతబడవలెను. కళ్లములోనే ధాన్యమును అయినకాడికి తెగనమ్ముకొను రైతు అవస్థయు నిట్టిదే కదా! 2014లో ఒలుచు యంత్రములు నెలకొల్పబడినను అవి లావు తీగలకే పనికివచ్చెను. సన్నని తీగలు మంటలోనే పడెను. అచ్చట మేసిన కోళ్ల గ్రుడ్లలో డయాక్సినులను విషము మితిమీరియున్నట్లు 2019లో వెల్లడియయ్యెను. ఈ నష్టమును రాగి వెలలో ఎవరును లెక్కగట్టలేదు.

బంగారము మాట వేరు. ఒక సెల్‌ఫోనునందలి బంగారము గ్రాములో నూరవ వంతులతో లెక్కింపదగినంతయే. బెంగుళూరులో ఆమ్లములతో దానిని తీయు చిన్న పనివారలకు నాలుగింట నొకవంతు దక్కగా, బెల్జియము దేశపు పెద్ద కొలిమిలో నూటికి 95 వంతులు దక్కునని పరిశోధకులు గణించిరి. అయితే పెద్ద కొలిమివారు ఒక ఫోనును కొనరు, టన్నులు కావలయును. చేతితో విడదీయుట మన దేశమున చౌక. యంత్రముతో నలుగగొట్టుటకంటె దానివలన లోహము వృథాపోవుట తక్కువ. కనుక విడదీయుట ఇచ్చట, కరగించుట అచ్చట జరిగినచో ఇరువురకును లాభమే.

మన సంఘములు చేయదగిన పని యొకటి గలదు. సభ్యుల పాతసామానును గిడ్డంగిలో కూడబెట్టి, తూకము చీటీ వ్రాసి, కొంత రొక్కము ముందుగా నీయవలెను. మొదట మెకానిక్కుకు చూపి, బాగుపడునవి బాగుచేయింపవలెను. మిగిలినదానిని 2023 ఏప్రిలు 1 నుండి అమలునందున్న నిబంధనల ప్రకారము నమోదైన పునశ్శుద్ధి కర్మాగారమువారికి మొత్తముగా నమ్మవలెను. బ్యాటరీలను వేరుగా, నిలువుగా నుంచవలెను; అందలి ఆమ్లమును ఎన్నడును కాలువలో పారబోయరాదు.