మోసపుచ్చు వంటకములు

పాఠ్యభాగము: సామెతలు 23:1-3

సంఘములో ఎవరైనను లావెక్కినయెడల “తిండిపోతు” అని మనము తొందరపడి తీర్పు తీర్చుదుము. అది న్యాయమేనా?

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలలో మన పెద్దలు జొన్నసంకటి, కొర్రన్నము కడుపునిండ తిని చేలలో చెమటోడ్చిరి. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చెను. పేదవాని ఆకలి తీరెను, అది మేలే. నేడో, బడిపిల్ల చేతిలో చిప్సు పాకెట్టు, కూలికి పోవు తల్లి సంచిలో బిస్కట్లు. దుక్కి ట్రాక్టరు దున్నుచున్నది.

2019లో అమెరికాలో 20 మందికి రెండు వారములు కర్మాగారపు తిండి, రెండు వారములు మామూలు వంట పెట్టి, ఇష్టమైనంత తినుడనిరి. వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు రెంటను సమానమే. అయినను కర్మాగారపు తిండిని వారు వేగముగా తినిరి. దినమునకు సుమారు 500 కేలరీలు అధికముగా తిని, ఇంచుమించు కిలో బరువు పెరిగిరి. మామూలు వంట తిన్నప్పుడు ఆ మనుష్యులే అంత తగ్గిరి! మనుష్యులు మారలేదు, పళ్లెము మారినది.

రాజు బల్లమీది రుచులు మోసము చేయునని జ్ఞాని ఏనాడో హెచ్చరించెను. ఇంతకును, ఆదివారపు బడిలో పిల్లలకు బిస్కట్లు పంచుచున్నది మనమే గదా! వచ్చు ఆదివారము శనగ గుగ్గిళ్లు ఉడికించి తెచ్చెదమా?